చేతిలో ఒకటి: 25 ఫ్యాక్టోరియల్ దగ్గర సి ఎందుకు తప్పింది?

25 ఫ్యాక్టోరియల్‌కు, అంటే 1 నుంచి 25 వరకు సంఖ్యలన్నింటి లబ్ధానికి, పైథాన్ భాష చెప్పినదే సరైన సమాధానం, సి భాష ఇచ్చినది తప్పు. ఈ తీర్పు చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, అయిదో ఎక్కం చాలు. 1 నుంచి 25 వరకు ఉన్న సంఖ్యల్లో 5, 10, 15, 20 ఒక్కొక్క అయిదును తెస్తాయి, 25 రెండు అయిదులను తెస్తుంది. మొత్తం ఆరు. వాటితో జతకట్టడానికి రెండ్లకు కొదవ లేదు. కాబట్టి 25 ఫ్యాక్టోరియల్ చివర సరిగ్గా ఆరు సున్నాలుండాలి. పైథాన్ ఇచ్చిన 15511210043330985984000000 చివర ఆరున్నాయి. సి ఇచ్చిన 7034535277573963776 చివర ఒక్కటీ లేదు.

తర్వాత చదివేవారి కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు హనుమకొండలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నారు. సిలో 64 బిట్ల (సున్నా, ఒకట్ల స్థానాల) పూర్ణసంఖ్యతో ఫ్యాక్టోరియల్ కడితే 20 వరకు బాగానే వచ్చి ఆ తర్వాత పైథాన్‌తో పొంతన కుదరడం లేదు. ల్యాబ్‌లో లక్ష ఫ్యాక్టోరియల్ అంకెలన్నీ ఫైలులో రాయమన్నారు. పైథాన్ లెక్క కట్టేసింది గానీ ముద్రించబోతే లోపం చూపి ఆగిపోయింది. పైగా అదే పని సిలోనూ, సొంతంగా, లైబ్రరీ లేకుండా చేసి చూపించమన్నారు. పైథాన్‌లో అసలు హద్దే లేదా, ఉంటే ఎక్కడ అని కూడా అడిగారు.

ముందు సిలో ఏం జరిగిందో చూద్దాం. గుర్తుతో కూడిన 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 92,23,37,20,36,85,47,75,807. 20 ఫ్యాక్టోరియల్ 2432902008176640000, అది లోపలే ఉంది. 21 ఫ్యాక్టోరియల్ 51090942171709440000, అది పట్టదు. పట్టని పై బిట్లు రాలిపోతాయి, మిగిలిన 64 బిట్లను యంత్రం మామూలు సంఖ్యలాగే చదివి −4249290049419214848 అంటుంది. మీరు 21 దగ్గర ఆగి చూసి ఉంటే ఫ్యాక్టోరియల్ రుణ సంఖ్య ఎలా అవుతుందని వెంటనే అనుమానించేవారు. 25 దగ్గర అదే తప్పు ధన సంఖ్య వేషంలో, పందొమ్మిది అంకెలతో పెద్దమనిషిలా వచ్చి కూర్చుంది. రుణ సంఖ్య కనబడితే నాకు బాధ ఉండదు, దొంగ దొరికినట్టే. భయమేసేది ఇలాంటి పెద్దమనుషులతోనే.

తమాషా చూడాలంటే 66 వరకు వెళ్ళండి. సున్నా వస్తుంది. 66 ఫ్యాక్టోరియల్‌లో సరిగ్గా 64 రెండ్లున్నాయి, అంటే కింది 64 బిట్లూ సున్నాలే. సంఖ్యను దాచే మన గడిలో మిగిలేది ఆ 64 మాత్రమే. అక్కడి నుంచి ఎంత దూరం గుణించినా సున్నాయే.

నేను చదువుకునే రోజుల్లో టర్బో సిలో మామూలు పూర్ణసంఖ్య 16 బిట్లే. అప్పుడు 8 ఫ్యాక్టోరియల్‌కే −25216 వచ్చేది. 16 బిట్లలో 7 వరకు, 32 బిట్లలో 12 వరకు, 64 బిట్లలో 20 వరకు, జీసీసీ కంపైలర్ (మన కోడును యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఇచ్చే 128 బిట్ల రకంలో 33 వరకు. బిట్లు రెట్టింపైన ప్రతిసారీ మనకు కలిసొచ్చింది ఇంతే. గడిని పెద్దది చేసుకుంటూ పోవడం ఈ సమస్యకు మందు కాదని ఈ నాలుగు అంకెలే చెబుతున్నాయి.

ఒక హెచ్చరిక. గుర్తుతో కూడిన పూర్ణసంఖ్య పొంగిపోతే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పదు. ధన సంఖ్యలు మాత్రమే పట్టే రకంలో అయితే 2⁶⁴తో భాగించిన శేషం మిగులుతుందని హామీ ఉంది, గుర్తున్న రకంలో ఆ హామీ కూడా లేదు. అందువల్ల "గుణించాక రుణ సంఖ్య వచ్చిందేమో చూస్తాను" అని మీరు రాసే పరీక్షను కంపైలర్ అనవసరమనుకుని తీసేయవచ్చు. పొంగడం జరగదన్న నమ్మకం మీదే అది కోడును కుదిస్తుంది. గుణించకముందే చూడండి, లేదా జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో పొంగును పట్టి చెప్పే అంతర్గత ఫంక్షన్లున్నాయి, అవి వాడండి. సి23 ప్రమాణంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక హెడర్ కూడా చేర్చారు.

నాకు ఈ గోడ మొదటిసారి గట్టిగా తగిలింది ఎనుమాముల మార్కెట్‌లో. చాలా ఏళ్ళ కిందట అక్కడ ఒక అడ్తిదారుకు లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చాను. రూపాయలను దశాంశాలతో దాస్తే పైసలు అటూ ఇటూ అవుతాయని తెలుసు కాబట్టి అన్నింటినీ పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా పెట్టాను. ఆ నిర్ణయం మంచిదే, ఇప్పటికీ అలాగే చేస్తాను. ఆ పైసలను 32 బిట్ల గడిలో పెట్టడమే నేను చేసిన పొరపాటు. మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్న రోజున గుమాస్తా ఫోను చేశాడు.

"సార్, తక్‌పట్టీలన్నీ సరిగానే ఉన్నాయి. సీజన్ మొత్తమే మైనస్‌లో చూపిస్తోంది. సేటు ఇంకా చూడలేదు."

వెళ్ళి చూస్తే నిజమే. ఒక్కొక్క రైతు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, పైసతో సహా సరిపోయింది. కూడిక మాత్రం రెండు కోట్ల పైచిలుకు రుణంలో ఉంది. 32 బిట్లలో పట్టేది 2,14,74,83,647. పైసల్లో అది 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. ఆ ఉదయం కాంటా అయిన మిర్చితో దుకాణం మొత్తం ఆ గీత దాటింది, దాటగానే లెక్క తలకిందులైంది. గుమాస్తా మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. అతని దగ్గర చేత్తో రాసిన చిట్టా ఉంది, దాని మీద నమ్మకం ఉంది. నా ముందే వరుసగా కూడుతూ వెళ్ళాడు: "ఎనిమిదీ ఏడూ పదిహేను, అయిదు వేసి ఒకటి చేతిలో." వరుస ఎంత పొడుగైనా అతనికి ఇబ్బంది లేదు, ఎడమవైపు కాగితం ఉన్నంతసేపూ చేతిలో ఉన్నదాన్ని పెట్టడానికి చోటు ఉంటుంది. నా ప్రోగ్రామ్‌కు ముప్పై రెండో బిట్టు దాటాక కాగితం లేదు, చేతిలో ఉన్నదాన్ని కింద పారేసింది.

(అదే 2,14,74,83,647ను సెకన్లుగా వాడే పాత గడియారాలకు 2038 జనవరి 19 ఉదయం, మన టైము ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఇదే గతి పడుతుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి అవి.)

పైథాన్ చేసేది ఆ గుమాస్తా పనే. దాని లోపల పూర్ణసంఖ్య ఒక గడి కాదు, గళ్ళ వరుస. ఒక్కో గడిలో 30 బిట్లు, అంటే అది పదుల లెక్కలో కాక 2³⁰ ఆధారంగా కూడుతుంది. ఒక గడి నిండితే చేతిలో ఉన్నదాన్ని పక్క గడికి ఇస్తుంది, పక్క గడి లేకపోతే కొత్తది అడిగి తెచ్చుకుంటుంది. దీనికి ఖరీదు ఉంది. మామూలు 64 బిట్ల యంత్రంలో పైథాన్ 1 అనే సంఖ్యను దాచడానికి 28 బైట్లు తీసుకుంటుంది, సిలో 4 చాలు. పైథాన్ 2 రోజుల్లో మామూలు పూర్ణసంఖ్య వేరు, పొడుగు పూర్ణసంఖ్య వేరు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి రెండూ ఒకటే అయ్యాయి. అందుకే మీ తరానికి ఈ గోడ పైథాన్‌లో కనబడదు.

ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు సాగే ఈ పద్ధతి మనకు కొత్త కాదు. చదరంగపు గళ్ళలో గింజల లెక్క మీద తెలుగులో ఒక పాత పద్యం ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలో ఆ పద్యంలో బిగించి పెట్టారు. అంకెలు నేరుగా చెప్పరు, వస్తువుల పేర్లతో చెబుతారు. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి, ఒకటి. తర్వాత ఆరు, ఒకటి, అయిదు, అలా సాగి చివరికి కుంజరం దగ్గర ఎనిమిది, తుహినాంశుడి దగ్గర ఒకటి. ఎనిమిది ఎందుకంటే దిగ్గజాలు ఎనిమిది, తుహినాంశుడు చంద్రుడే కాబట్టి ఒకటి. పద్యం ఒకట్ల స్థానంతో మొదలవుతుంది, కాబట్టి విన్న అంకెలను కుడి నుంచి ఎడమకు రాసుకోవాలి. రాస్తే వచ్చేది 18446744073709551615. ధన సంఖ్యలు మాత్రమే పట్టే 64 బిట్ల గడిలో అతి పెద్ద విలువ అక్షరాలా ఇదే. గళ్ళు 64, బిట్లు 64, రెండూ 2⁶⁴ − 1.

పైథాన్ లోపల గళ్ళను ఈ పద్యం వరుసలోనే పెడతారు, చిన్న స్థానం ముందు. పెద్ద సంఖ్యలకు పేరుమోసిన జీఎంపీ లైబ్రరీలోనూ అంతే. కారణం తేలికే: సంఖ్య పెరిగితే కొత్త గడి వరుస చివర చేరుతుంది, ఉన్నవాటిని జరపనక్కర్లేదు. జావా మాత్రం లోపల తిరగేసి, పెద్ద స్థానం ముందు పెడుతుంది. అది వాళ్ళ ఇష్టం.

ఇప్పుడు మీ ల్యాబ్ పని. సిలో సొంతంగా రాయాలంటే నా సలహా: ఆధారం పది పెట్టుకోకండి, వంద కోట్లు పెట్టుకోండి, అంటే 1000000000. ఒక్కో గడిలో తొమ్మిది అంకెలు పడతాయి. రెండు గళ్ళను గుణించినా ఫలితం పదో ఘాతం 18 లోపే ఉంటుంది, 64 బిట్లలో హాయిగా ఇముడుతుంది, చేతిలో ఉన్నదాన్ని కలపడానికీ జాగా మిగులుతుంది. పైగా ముద్రించేటప్పుడు ఆధారం మార్చే బాధ ఉండదు. మన పుస్తకాల్లో చాలావరకు గడికి ఒక అంకె చొప్పున చూపిస్తారు. అర్థం కావడానికి అది మంచిదే, లక్ష ఫ్యాక్టోరియల్‌కు మాత్రం దానితో తెల్లవారుతుంది.

24 నుంచి 25కు వెళ్ళే అడుగును చేత్తో వేసి చూద్దాం. 24 ఫ్యాక్టోరియల్ 620448401733239439360000. కుడి నుంచి తొమ్మిదేసి అంకెలు విడదీస్తే మొదటి గడిలో 439360000, రెండో గడిలో 401733239, మూడో గడిలో 620448. ఇప్పుడు 25తో గుణించాలి.

మొదటి గడి: 439360000 × 25 = 10984000000. వంద కోట్లతో భాగిస్తే శేషం 984000000 ఆ గడిలోనే ఉంటుంది, 10 చేతిలో.

రెండో గడి: 401733239 × 25 = 10043330975. చేతిలోని 10 కలిపితే 10043330985. శేషం 43330985 గడిలో, మళ్ళీ 10 చేతిలో.

మూడో గడి: 620448 × 25 = 15511200, పది కలిపితే 15511210. ఇది వంద కోట్ల లోపే కాబట్టి చేతిలో ఏమీ లేదు, కొత్త గడి అక్కర్లేదు.

ఇక ముద్రించాలి, చివరి గడి నుంచి మొదటి గడికి. ఇక్కడే నూటికి తొంభై మంది పడిపోతారు. రెండో గడిలో ఉన్నది 43330985, ఎనిమిది అంకెలే. దాన్ని అలాగే రాస్తే 15511210 పక్కన 43330985, దాని పక్కన 984000000 వచ్చి మొత్తం 1551121043330985984000000 అవుతుంది. ఒక అంకె తగ్గింది, విలువ పదో వంతుకు పడిపోయింది, చూడ్డానికి మాత్రం నిక్షేపంలా ఉంది, చివర ఆరు సున్నాలు కూడా ఉన్నాయి! పై గడి తప్ప మిగతా ప్రతి గడినీ తొమ్మిది స్థానాలకు ఎడమవైపు సున్నాలతో నింపి రాయాలి. అప్పుడే 043330985 వస్తుంది. ఈ ఒక్క సున్నా కోసం నేను ఒక రాత్రంతా లైటు ఆర్పకుండా కూర్చున్న రోజులున్నాయి, అందుకే ఇంత చెబుతున్నాను.

ఈ పద్ధతిలో లక్ష ఫ్యాక్టోరియల్ కడితే వచ్చే ఫలితం 456574 అంకెలు. మీ ఆధారంలో 50731 గళ్ళు. జ్ఞాపకంలో అది పెద్ద బరువేమీ కాదు, సుమారు రెండు వందల కిలోబైట్లు, ఫోనులో తీసిన ఫొటో అంతకంటే బరువు. బరువంతా పనిలో ఉంది. ప్రతి గుణకారానికీ అప్పటివరకు ఉన్న గళ్ళన్నింటినీ ఒకసారి తిరగాలి, అలా లక్షసార్లు. నేటి యంత్రం మీద సిలో ఇది ఓపిక పట్టగలిగిన పనే, ల్యాబ్‌కు సరిపోతుంది. ఇంకా వేగం కావాలంటే గుణించే వరుసను మార్చాలి. ఒకటి నుంచి లక్ష వరకు ఒక్కొక్కటే తగిలించకుండా వాటిని సగం సగం చేసి, ఆ సగాలను మళ్ళీ సగం చేసి, ఒకే పొడవున్న సంఖ్యలను ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పైకి రావాలి. పైథాన్ గణితం మాడ్యూల్‌లోని ఫ్యాక్టోరియల్ ఫంక్షన్ కూడా ఇలా విడగొట్టే గుణిస్తుంది.

ఎందుకు లాభం? సమాన పొడవున్న పెద్ద సంఖ్యలకు ఎక్కాల పద్ధతి కంటే మంచి పద్ధతి ఉంది కాబట్టి. 1960లో మాస్కో విశ్వవిద్యాలయంలో గణితవేత్త కోల్మగోరవ్ తన సెమినార్‌లో, రెండు ఎన్ అంకెల సంఖ్యలను గుణించడానికి ఎన్ వర్గం అంత పని తప్పదేమో అన్న ఊహను ముందుంచాడు. వింటున్నవారిలో ఇరవై మూడేళ్ళ కరత్సూబా వారం తిరగకుండానే తప్పుతుందని చూపించాడు. చిన్న ఉదాహరణ: 83 × 46. మామూలుగా నాలుగు చిన్న గుణకారాలు కావాలి. కరత్సూబా మూడుతో సరిపెడతాడు. 8 × 4 = 32. 3 × 6 = 18. ఇక 8, 3 కలిపితే 11. 4, 6 కలిపితే 10. వాటి లబ్ధం 110. అందులోంచి 32, 18 తీసేస్తే 60. ఇప్పుడు 3200 + 600 + 18 = 3818. ఒక గుణకారం మిగిలింది, బదులుగా నాలుగు కూడికలు తీసివేతలు పెరిగాయి. రెండంకెల దగ్గర ఇది దండగ వ్యవహారం. వేల గళ్ళ దగ్గర, ప్రతి సగానికీ మళ్ళీ ఇదే చేస్తూ పోతే, పొడవు రెట్టింపైనప్పుడు పని నాలుగింతలు కాకుండా మూడింతలే అవుతుంది. పైథాన్ ఒక స్థాయి దాటాక తనే ఈ పద్ధతికి మారిపోతుంది. జావా, జీఎంపీ దీనికంటే ముందుకు వెళ్ళి టూమ్-కుక్ పద్ధతినీ వాడతాయి, జీఎంపీ ఇంకా పెద్దవాటికి 1971 నాటి షోన్‌హాగె-స్ట్రాసెన్ పద్ధతి దాకా పోతుంది. అవన్నీ మీరు రాయనక్కర్లేదు. కరత్సూబా ఒక్కటి మీ చేత్తో రాయండి, వైవాలో అడుగుతారు.

ఇప్పుడు ముద్రించబోతే పైథాన్ ఆగిపోవడం. అది మీ తప్పు కాదు, పైథాన్‌లో లోపమూ కాదు. లోపల 2³⁰ ఆధారంలో ఉన్న సంఖ్యను పదుల్లోకి మార్చడం చాలా పని. పాత పద్ధతిలో అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలు. దీన్ని అదనుగా తీసుకుని ఎవరైనా ఒక వెబ్‌సైటుకు లక్షల అంకెల పాఠ్యం పంపి సర్వరును కూర్చోబెట్టేయవచ్చు. అందుకని 2022లో పైథాన్‌వారు, 4300 అంకెలు దాటితే పాఠ్యంలోంచి సంఖ్యకు గానీ సంఖ్యలోంచి పాఠ్యానికి గానీ మార్చకుండా హద్దు పెట్టారు. 1000 ఫ్యాక్టోరియల్ 2568 అంకెలు, అది ముద్రణ అవుతుంది. 2000 ఫ్యాక్టోరియల్ 5736 అంకెలు, అది ఆగుతుంది. లెక్కకు హద్దు లేదు, పదుల్లోకి మార్చడానికే హద్దు. సిస్ మాడ్యూల్‌లో ఈ హద్దును మార్చే ఫంక్షన్ ఉంది, దానికి సున్నా ఇస్తే హద్దు పూర్తిగా పోతుంది. మీ సొంత ల్యాబ్ ప్రోగ్రామ్‌లో అలా చేయండి, ఇబ్బంది లేదు. బయటివారు సంఖ్యలు పంపే చోట మాత్రం దాన్ని ముట్టుకోకండి. పదహారు ఆధారంలో రాయడానికి ఈ హద్దు వర్తించదు, ఎందుకంటే 2కు ఘాతాలైన ఆధారాల మధ్య మార్పిడి బిట్లను విడదీసుకోవడమే, తేలికైన పని.

హద్దే లేదా అని అడిగారు. పైథాన్ పూర్ణసంఖ్యకు మీ యంత్రంలోని జ్ఞాపకమే హద్దు. కానీ ఆ సంఖ్య పైథాన్ చేతిలో ఉన్నంతసేపే ఆ మాట. చేయి దాటిందంటే మళ్ళీ గోడలే, నాకు ఎక్కువ తలనొప్పులు వచ్చింది అక్కడే.

మొదటిది పైథాన్ ఇంట్లోనే ఉంది. పైథాన్‌లో వాడే లెక్కల లైబ్రరీ నంపైలో 1 నుంచి 25 వరకు సంఖ్యలను 64 బిట్ల వరుసగా పెట్టి లబ్ధం అడగండి. 7034535277573963776 వస్తుంది. మీ సి ప్రోగ్రామ్ ఇచ్చిన అదే అబద్ధం, అంకె తేడా లేకుండా, ఏ హెచ్చరికా లేకుండా. నంపై వేగం కోసం లోపల సి గళ్ళే వాడుతుంది. రెండోది భాగహారం. పైథాన్‌లో ఒంటి గీతతో భాగిస్తే ఫలితం దశాంశ సంఖ్య అవుతుంది, దానికి పదిహేను పదహారు అంకెల కంటే ఎక్కువ గుర్తుండవు. పెద్ద పూర్ణసంఖ్యలను జంట గీతతోనే భాగించండి. వర్గమూలానికీ అంతే, 3.8 నుంచి పూర్ణసంఖ్యల వర్గమూలానికి వేరే ఫంక్షన్ ఉంది.

బ్రౌజర్‌లోకి వెళ్తే జావాస్క్రిప్ట్. దాని మామూలు సంఖ్య 9007199254740991 వరకే నమ్మదగినది, అంటే 2⁵³ − 1. అక్కడ 9999999999999999 అని రాస్తే 10000000000000000 అని చదువుతుంది. సర్వరులో 64 బిట్ల గుర్తింపు సంఖ్య ఉండి, దాన్ని జేసన్‌లో (ప్రోగ్రామ్‌లు డేటాను పాఠ్యంగా పంపుకునే రూపంలో) సంఖ్యగానే పంపితే చివరి అంకెలు దారిలో మారిపోతాయి, ఒకరి వివరాలు అడిగితే మరొకరివి తెరుచుకుంటాయి. 2020 ప్రమాణంలో బిగ్ఇంట్ అనే రకం వచ్చింది, బాగా పనిచేస్తుంది, కాకపోతే దాన్ని మామూలు సంఖ్యతో కలిపి కూడబోతే ఒప్పుకోదు, జేసన్‌గా మార్చబోయినా లోపం చూపుతుంది. పాఠ్యంగా పంపండి, గొడవ ఉండదు.

ఎక్సెల్ మరీ కఠినం: పదిహేను అంకెలు దాటితే మిగతావి సున్నాలే. ఒక కార్యాలయంలో రైతుల ఖాతా సంఖ్యల పట్టిక చూశాను. పదహారు అంకెల ఖాతాలన్నింటికీ చివరి అంకె సున్నా! ఎక్కించిన అమ్మాయి ఒక్కొక్కటీ రెండుసార్లు సరిచూసుకుని ఎక్కించింది పాపం, ఎంటర్ కొట్టాకే ఎక్సెల్ మార్చింది. ఖాతా సంఖ్య, ఫోను నంబరు, ఆధార్ నంబరు, వీటిని కూడేదీ లేదు, గుణించేదీ లేదు. పేరుకు సంఖ్యలే గానీ వాటి పని పేర్ల పని. పాఠ్యంగా దాచండి, ముందున్న సున్నాలు కూడా బతుకుతాయి. డేటాబేస్‌లో నిజంగా లెక్క కట్టాల్సిన పెద్ద సంఖ్యలుంటే మామూలు పెద్ద పూర్ణసంఖ్య రకం 64 బిట్లే అని గుర్తుంచుకోండి. మైఎస్‌క్యూఎల్ డెసిమల్ రకం 65 అంకెల వరకు పడుతుంది, పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ రకం లక్షకు పైగా అంకెలు పడుతుంది.

జావా సంగతి కూడా రెండు మాటల్లో, వచ్చే ఏడాది మీకు అదే కదా. అక్కడ పెద్ద సంఖ్యల రకమైన బిగ్ఇంటీజర్ వస్తువు ఒకసారి పుట్టాక మారదు. కూడమంటే కూడిన కొత్తదాన్ని ఇస్తుంది, పాతది పాతదిలాగే ఉంటుంది. కూడమని చెప్పి ఫలితాన్ని పట్టుకోకుండా వదిలేసి, మొత్తం ఎందుకు పెరగడం లేదని అడిగిన విద్యార్థులు నాకు లెక్కలేనంతమంది. పోల్చేటప్పుడు జంట సమానం గుర్తు వాడకండి, అది రెండూ ఒకే వస్తువా అని చూస్తుంది, విలువ చూడదు. పెద్ద సంఖ్య అవసరం లేకుండా, పొంగితే తెలిస్తే చాలనుకుంటే జావా 8 నుంచి మ్యాత్ తరగతిలో పొంగగానే లోపం విసిరే గుణకారం, కూడిక ఉన్నాయి. నా అడ్తి లెక్కలకు ఆ రోజు అలాంటిదే ఉండి ఉంటే గుమాస్తా కంటే ముందు నాకే తెలిసేది.

చివరగా, అసలు పెద్ద సంఖ్య కావాలా అన్నది ముందే అడగండి. ప్రోగ్రామింగ్ పోటీల్లో సమాధానాన్ని 1000000007తో భాగించి శేషం చెప్పమంటారు. అక్కడ ప్రతి గుణకారం తర్వాతా శేషం తీస్తూ పోతే 64 బిట్లు దాటే అవసరమే రాదు. పైథాన్ ఘాత ఫంక్షన్‌కు మూడో సంఖ్యగా భాజకం ఇస్తే ఇదే చేస్తుంది. ముందు ఘాతం మొత్తం కట్టి ఆ తర్వాత శేషం తీసేవారి ప్రోగ్రామ్ ఆగిపోయిందంటే ఆశ్చర్యం ఏముంది! లక్ష ఫ్యాక్టోరియల్ చివర ఎన్ని సున్నాలని మాత్రమే అడిగితే ఒక్క గుణకారమూ అక్కర్లేదు. లక్షను అయిదుతో భాగిస్తూ పోండి: 20000, 4000, 800, 160, 32, 6, 1. కలిపితే 24999. ఎన్ని అంకెలని అడిగితే 1 నుంచి లక్ష వరకు పది ఆధారంగా లాగరిథమ్‌లు కూడితే చాలు, 456573 పైచిలుకు వస్తుంది, అంటే 456574 అంకెలు.

ఈ రెండూ మీ సి ప్రోగ్రామ్‌కు పరీక్షలుగా పనికొస్తాయి. ఫైలులో 456574 అంకెలున్నాయా, చివర 24999 సున్నాలున్నాయా చూడండి. రెండూ సరిపోతే పైథాన్ ఫైలుతో పక్కపక్కన పెట్టి పోల్చండి. అంకెల సంఖ్య తక్కువగా వచ్చిందంటే నేను చెప్పిన ఎడమవైపు సున్నాలే. వెంటనే లక్షను పక్కన పెట్టి 25కు వెనక్కి రండి, రెండో గడి 043330985 అని పడుతోందో లేదో చూడండి.